హ్యాకరు శబ్దము – టెలివిజను చెప్పిన చరిత్ర

మనుష్యులకు వలెనే మాటలకును మంచిదినములు, చెడ్డదినములు కలవు. 'కంపు' అనునది ఒకప్పుడు వాసన మాత్రమే. సువాసనకు సయితము ఆ మాట చెల్లినది. 'ఛాందసుడు' వేదము నేర్చినవాడు. నేడు పట్టువిడుపులు తెలియనివాడు. 'కైంకర్యము' దేవునికి చేయు సేవ. నేడు పరుల సొమ్ము కైంకర్యము చేసెననగా మ్రింగివేసెనని యర్థము. భాషాశాస్త్రజ్ఞులు దీనిని అర్థాపకర్ష మందురు. ఈ మాటలు దిగజారుటకు తరములు పట్టినవి. ఇటీవలి కాలమున, అందరి కనులయెదుటనే, ఒక్క తరములో దిగజారిన మాట యొకటి కలదు. అది 'హ్యాకరు'.

దానిని దించినవారిలో పత్రికలు కలవు, కథాచిత్రములు కలవు. అయినను చరిత్ర యను పేరుతో దించినవి టెలివిజను డాక్యుమెంటరీలు. కథాచిత్రమును చూచువాడు కల్పన యని యెరిగియే చూచును. డాక్యుమెంటరీని చూచువాడు సాక్ష్యముగా చూచును. కావుననే దాని బాధ్యత పెద్దది. హ్యాకర్ల చరిత్రను టెలివిజను యంత్రముల కథగా చూపుచున్నది. నిజమునకు అది పనితనపు కథ, ఆపైన మాటనేర్పు కథ. ఈ పొరపాటు వలన ఒక మంచి మాట చెడుట యొక్కటియే నష్టము కాదు. చూచువాడు కాపు కాయవలసిన వాకిలిని విడిచి వేరొక వాకిలిని కాయుచున్నాడు.

ఈ విషయమును పరిశీలించుటకు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని భిలాయి వంటి యూరు తగినది. 1955లో సోవియట్ ప్రభుత్వముతో జరిగిన ఒడంబడిక ననుసరించి అచ్చట ఉక్కు కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఆ కొలుముల పనికి ఉత్తరాంధ్రము నుండి వెళ్ళి, సెక్టారులలోని క్వార్టర్లలో కాపురములు పెట్టి, పిల్లలను పెంచి, అచ్చటనే పదవీవిరమణ చేసిన తెలుగువారు వేలకొలది. వారి యిండ్లలో తెలుగు మాటలాడబడును, హిందీ వినబడును. సాయంకాలము టెలివిజను పెట్టినంతనే కంప్యూటరు నేరములను గూర్చిన యేదో యొక చిత్రము ఎదురగును. చీకటిగది, తలపై ముసుగుచొక్కా, ముఖము కానరాని యువకుడు, తెరపై జలజల రాలు పచ్చని యంకెలు, వెనుక గంభీరమైన కంఠము. ఇది యిపుడొక స్థిరమైన సంకేతము. మన యక్షగానమున రాక్షసపాత్ర ప్రవేశించు తీరు ప్రేక్షకుడెట్లు గుర్తించునో, అట్లే ఆ పచ్చని యంకెలను చూచి 'హ్యాకరు వచ్చినాడు' అని ఇంటివారు గుర్తింతురు.

భిలాయి మొదటి కొలిమి వెలిగిన 1959లోనే, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పీటర్ శాంసన్ అను విద్యార్థి ఒక చిన్న పదకోశమును కూర్చెను. అది ఆ సంస్థలోని బొమ్మరైళ్ళ సంఘమువారు తమలో తాము వాడుకొను మాటల పట్టిక. రైలుపట్టాలను తయారుచేసి దేశమంతటికి పంపు భిలాయివారికి ఈ సంగతి వినోదము కలిగింపవచ్చును: 'హ్యాక్' అను మాట ఇప్పటి యర్థమునకు దారితీసిన రూపమున పుట్టి పెరిగినది రైలుపట్టాల క్రిందనే. ఆ సంఘములో కొందరికి బొమ్మబండ్లపై మక్కువ. మరి కొందరికి బల్లక్రింది తీగలపైనను, టెలిఫోను వ్యవస్థలో వాడు రిలేలపైనను మక్కువ. తీగలను నేర్పుగా, కొత్తదారిన, పనిలోని ఆనందము కొరకే కలిపినచో దానిని వారు 'హ్యాక్' అనిరి. అట్లు చేయువాడు హ్యాకరు. 1961లో ఆ సంస్థకు పి.డి.పి.–1 అను కంప్యూటరు వచ్చినది. 1962లో స్టీవ్ రస్సెల్ ప్రభృతులు దానిపై 'స్పేస్‌వార్' అను ఆటను నిర్మించిరి. అడిగినవారు లేరు, వేతనమిచ్చినవారు లేరు.

ఆ మాట పుట్టుకలోనే సంపూర్ణముగా నిర్మలమని చెప్పుట సత్యదూరము. 1963 నవంబరులో ఆ సంస్థ విద్యార్థిపత్రికయే, టెలిఫోను తంత్రులతో ఆకతాయితనము చేసినవారిని హ్యాకర్లని పేర్కొనినది. అనగా నేర్పు, అల్లరి అను రెండు ఛాయలును మొదటినుండి ఆ మాటయందున్నవి. లేనిది దొంగతనము.

ఆ మూడవ యర్థము బలపడినది 1983లో. ఆ యేట 'వార్‌గేమ్స్' అను కథాచిత్రము విడుదలయ్యెను. మిల్వాకీ నగరపు కుర్రవాండ్రు కొందరు, తమ ప్రాంతపు టెలిఫోను సంఖ్యను బట్టి '414' అని పేరు పెట్టుకొనినవారు, లాస్ ఆలమోస్ పరిశోధనశాల మున్నగు చోట్ల కంప్యూటర్లలోనికి చొరబడి పట్టుబడిరి. సెప్టెంబరులో 'న్యూస్‌వీక్' పత్రిక వారిలో నొకని ముఖమును ముఖపత్రముపై అచ్చువేసెను. అప్పటినుండి సామాన్యునకు హ్యాకరనగా పరుల యింట చొరబడు పిల్లవాడు.

దీనికి ప్రత్యుత్తరముగా వచ్చినట్టి డాక్యుమెంటరీ యొకటి కలదు. స్టీవెన్ లెవీ హ్యాకర్లపై వ్రాసిన గ్రంథము 1984లో వెలువడినది. దాని ప్రేరణచే ఆ నవంబరులో కాలిఫోర్నియాలో హ్యాకర్ల సమావేశము జరిగెను. ఫాబ్రీస్ ఫ్లోరిన్ దానిని 'హ్యాకర్స్: విజర్డ్స్ ఆఫ్ ది ఎలక్ట్రానిక్ ఏజ్' అను పేర చిత్రించెను. అందు స్టీవ్ వోజ్నియాక్, రిచర్డ్ స్టాల్‌మన్ మొదలగువారు వెలుతురులో కూర్చుండి, ముఖములు దాచుకొనక, తమ పనిని గూర్చి వాదించుకొందురు. ప్రోగ్రామును అమ్మవలెనా, పంచవలెనా యనునది వారి చర్చ. ముసుగు లేదు, పచ్చని యంకెలు లేవు. కాని ఈ చిత్రమును నిపుణులు దాచుకొనిరేగాని టెలివిజను అనుసరింపలేదు.

అనుసరించిన మార్గము వేరు. 1990లో అమెరికా ప్రజాటెలివిజనులోని 'నోవా' వరుసలో 'ది కేజీబీ, ది కంప్యూటర్ అండ్ మీ' అను చిత్రము ప్రసారమయ్యెను. క్లిఫర్డ్ స్టోల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు 1986లో బర్క్‌లీ పరిశోధనశాల లెక్కలలో 75 సెంట్ల తేడాకు కారణమును వెదకబోయి, ఆ చిన్న తేడాను పట్టుకొని నెలల తరబడి వెదకి, జర్మనీలోని హానోవర్ నగరమునుండి సోవియట్ గూఢచారి సంస్థకు సమాచారము నమ్ముచున్నవారిని బయటపెట్టిన కథ యది. స్టోల్ తన పాత్రను తానే నటించెను. చిత్రముగా అది ఉత్తమమైనది. పద్దుపుస్తకము, అచ్చుయంత్రము, నిద్రలేని రాత్రులు అన్నియు కనబడును. అయినను అందు హ్యాకరను పేరు దొంగకే దక్కినది. ఎవరును కోరని పనిని నేర్పుతో, పట్టుదలతో, వినోదముగా చేసిన స్టోల్ బొమ్మరైళ్ళ సంఘమువారి అర్థమున అసలైన హ్యాకరు. దొంగకును, దొంగను పట్టినవానికిని చెందవలసిన మాట ఒకనికే మిగిలినది.

2001లో వచ్చిన 'ది సీక్రెట్ హిస్టరీ ఆఫ్ హ్యాకింగ్' ముగ్గురి జీవితములను ఒక దండగా గ్రుచ్చినది. టెలిఫోను వ్యవస్థను 2600 హెర్ట్జుల ఈలతో లొంగదీసిన జాన్ డ్రేపర్. యాపిల్ కంప్యూటరు నిర్మాత వోజ్నియాక్. 1995 ఫిబ్రవరిలో పట్టుబడి 2000 జనవరి వరకు కారాగారమున నుండిన కెవిన్ మిట్నిక్. ముగ్గురికిని సంబంధము లేకపోలేదు. వోజ్నియాక్ యౌవనమున స్టీవ్ జాబ్స్‌తో కలిసి టెలిఫోనులను మోసగించు 'నీలిపెట్టెలు' చేసి అమ్మినవాడే. కాని దండ గ్రుచ్చిన వరుసలో ఒక తీర్పు దాగియున్నది. ఈల మొదలు, కారాగారము తుద. బొమ్మరైళ్ళనాటి సంగతి పూర్వరంగమగును, పలాయనము కథయగును. చరిత్రరచనలో ఆద్యంతముల నిర్ణయమే సగము వ్యాఖ్యానమని సాహిత్యచరిత్రకారులకు వేరుగా చెప్ప నక్కరలేదు.

అయినను ఆ చిత్రమే, మిట్నిక్ నోటనే, అత్యంత ముఖ్యమైన విషయమును పలికించినది. ఆతని ప్రధానాయుధము కంప్యూటరు కాదు, టెలిఫోను. తాను ఫలానా శాఖవాడనని నమ్మబలికి, వారి వృత్తిపదములను వారి ధోరణిలో పలికి, రహస్యపదములను వారిచేతనే చెప్పించుకొనువాడు. ఇది మాటవిద్య. సభను బట్టి, శ్రోతను బట్టి, స్వరమును మార్చు వక్తృత్వము. ఇట్టి దానిని కెమెరా చూపజాలదు. ఇద్దరు ఫోనులో మర్యాదగా మాటలాడుకొనుట తెరపై ఆకర్షకముగా నుండదు. కావున దృశ్యమునకు పచ్చని యంకెలు అద్దెకు తెచ్చుకొందురు. చెవికి సంబంధించిన నేరమును కంటికి సంబంధించినదిగా మార్చుటయే ఈ డాక్యుమెంటరీల మూలదోషము.

ఉక్కు పట్టణమున నివసించువారికి దీని గురుతును చూపగల ఉదాహరణ మొకటి కలదు. 2014 సంవత్సరపు నివేదికలో జర్మనీ ప్రభుత్వపు సమాచారభద్రతా సంస్థ, పేరు చెప్పని యొక ఉక్కు కర్మాగారముపై జరిగిన దాడిని వివరించినది. బ్లాస్ట్ ఫర్నేసును క్రమపద్ధతిని ఆపుటకు వీలులేక భారీనష్టము వాటిల్లినది. కొలిమి యనగా నేమో తెలిసిన భిలాయివారికి ఆ వాక్యము చదివిన గుండె ఝల్లుమనును. కాని దాడి మొదలైనది కొలిమివద్ద కాదు. ఎవరో తెలిసినవారు వ్రాసినట్లుగా కూర్చిన యొక ఉత్తరము ఈ–మెయిలు రూపమున కార్యాలయమునకు వచ్చినది. దానిని నమ్మిన చోట ద్వారము తెరచుకొన్నది. కార్యాలయమునుండి దాడి కర్మశాలకు ప్రాకినది. కోట్ల విలువగల కొలిమిని చెరచిన మొదటి సాధనము చక్కగా వ్రాసిన నాలుగు వాక్యములు.

భిలాయి పేరు కూడ ఇటీవల టెలివిజనులో మారుమ్రోగినది. 'మహాదేవ్' అను పందెముల యాప్‌ను నడిపినవారు భిలాయివారని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపించినది. 2023 నవంబరులో కేంద్రప్రభుత్వము దానితో కూడ 22 యాప్‌లను, వెబ్‌సైట్లను నిలుపుదల చేసినది. నేరనిర్ణయము న్యాయస్థానముల పని. అది యిచ్చట ప్రస్తుతము కాదు. గమనింపదగినది దర్యాప్తుసంస్థ వర్ణించిన పద్ధతి: విదేశమున కేంద్రకార్యాలయము, పరిచితులకు ఒప్పగించిన శాఖలు, లాభములో 70, 30 వంతుల పంపకము, బినామీ బ్యాంకుఖాతాలు. ఇందు ఏ యంత్రరహస్యమును ఛేదించుట లేదు. మన పల్లెలలోని మట్కా చీట్ల యేర్పాటును ఫోనులోనికి దింపిరని చెప్పిన చాలును. ఇట్టి వ్యవహారమును సయితము 'హైటెక్' నేరమను సంచిలో వేసి, అదే ముసుగుచొక్కా బొమ్మతో చూపినచో, ఖాతాలను అద్దెకిచ్చిన పొరుగువాడు, వాటిని గమనింపని వ్యవస్థ కనుమరుగగుదురు. యంత్రపు మాయ యనగానే మనుష్యుల బాధ్యత జారిపోవును.

ఇంతకంటె దగ్గరి ప్రమాద మొకటి కలదు. పదవీవిరమణ చేసి, భవిష్యనిధి సొమ్ము బ్యాంకులో నుంచుకొని, పిల్లలు దూరదేశములలో నుండగా ఒంటరిగా నున్న ఉద్యోగి ఇట్టి చిత్రములను చూచి యేమి నేర్చుకొనును? హ్యాకరు అదృశ్యుడు, అపారమేధావి, కంప్యూటరులోనుండి వచ్చునని నేర్చుకొనును. కావున కంప్యూటరు లేని తనకు భయము లేదనుకొనును. ఒకనాడు ఫోను మ్రోగును. 'నమస్తే, సర్' అని మర్యాదగల హిందీలో, పోలీసు అధికారి ధోరణిలో ఒక కంఠము పలుకును. కేసు సంఖ్య చెప్పును. 'డిజిటల్ అరెస్టు' అను కొత్త సమాసమును ప్రయోగించును. చట్టమున అట్టి అరెస్టు లేనేలేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగమున చెప్పవలసివచ్చినదన్నచో, ఆ బూటకపు సమాసమునకు ఎంత బలమున్నదో ఊహింపవచ్చును. లేని పదార్థమునకు పేరు పెట్టి భయపెట్టుట భాషాదుర్వినియోగము. టెలివిజను తన ప్రేక్షకుని తెరకు కాపలా పెట్టినది. దొంగ చెవి వాకిట వచ్చినాడు.

డాక్యుమెంటరీ నిర్మాతల పక్షమున రెండు సమాధానములు వినవచ్చును. ప్రేక్షకుని నిలుపవలెనన్న దృశ్యము కావలెననునది యొకటి. మోసపు పద్ధతిని విడమరచినచో దొంగలకు పాఠము చెప్పినట్లగుననునది రెండవది. రెండింటికిని మన సాహిత్యమే ప్రత్యుత్తర మిచ్చుచున్నది. శూద్రకుని మృచ్ఛకటికమున తృతీయాంకములో శర్విలకుడు చారుదత్తుని గోడకు కన్నము వేయును. గోడ ఎచ్చట చివికినదో చూచును, కన్నమునకు ఏ యాకృతి తగునో తర్కించును, కొలత్రాడు మరచి యజ్ఞోపవీతముతో కొలుచును. పద్ధతి యంతయు రంగముపై వినబడును. దాని వలన ప్రేక్షకుడు దొంగ కాలేదు; దొంగతనమనగా నేమో తెలిసికొనినాడు. అంతేకాక శర్విలకుడు మదనికను దాస్యమునుండి విడిపింపగోరి దొంగిలించెనని, తీరని యవసరమును కూడ కవి చూపెను. దండి దశకుమారచరితమున, దానిని తెలుగు చేసిన కేతన కృతియందును, అపహారవర్మ చంపానగరమున దొంగతనముల నాడును. అతనికి ముఖమున్నది, పేరున్నది, కారణమున్నది. పదునైదు శతాబ్దములకు లోపడని యీ సంప్రదాయములో దొంగకు ముసుగు వేసి చీకటిలో నిలుపుట లేదు. పై 'నోవా' చిత్రము సయితము పద్దుపుస్తకమును చూపియే ప్రేక్షకుని నిలిపినది. కావున లోపము మాధ్యమమునది కాదు, అలవాటుది.

భారతదేశపు శాసనకర్తలు ఈ విషయమున టెలివిజను కంటె ముందు మేలుకొనిరి. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములో 66వ విభాగమునకు 'కంప్యూటరు వ్యవస్థతో హ్యాకింగు' అను శీర్షిక యుండెను. 2008లో చేసిన సవరణతో, 2009 అక్టోబరునుండి, ఆ శీర్షిక పోయి 'కంప్యూటరు సంబంధమైన నేరములు' అని వచ్చినది. చేసిన పనికి కపటబుద్ధి గాని మోసబుద్ధి గాని తోడైననే శిక్ష యని యేర్పడినది. అనగా శాసనము నేర్పును విడిచి బుద్ధిని పట్టుకొన్నది. చట్టము విడిచిన మాటను వ్యాఖ్యాతలు ఇంకను నేరముగానే వాడుచున్నారు.

ఈ మాటను కాపాడుటలో తెలుగువారికి స్వార్థము కూడ కలదు. కంప్యూటరుపై తెలుగు చదువగలుగుచున్న ప్రతి పరిశోధకుడును అసలైన యర్థమున హ్యాకర్లకు ఋణపడియున్నాడు. తెలుగక్షరము తెలియని యంత్రములపై రోమను లిపిలో కొట్టి తెలుగు రప్పించు ఆర్.టి.యస్. పద్ధతిని అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునుండి కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు రూపొందించిరి. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన అను పేర్లతో ఫాంటులు కూర్చి తెలుగువారికి పంచిరి. ఒకరు అడిగిన పని కాదు. లేనిదానిని ఉన్నదానితో నేర్పుగా సాధించిన పని. ఉక్కు కర్మాగారమున విదేశపు విడిభాగము రానపుడు ఉన్న ఇనుముతోనే దానిని చేసి యంత్రమును నడిపించు పనివానికిని వీరికిని భేదము లేదు.

మరియొక సంగతి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' యను తెలుగక్షరము, కంటికి కానరాని యొక గుర్తుతో కూడి, యాపిల్ ఫోనుల యాప్‌లను కూల్చివేసినది. ప్రపంచపత్రికలు దానిని బాంబుగా వర్ణించినవి. నిజమునకు లోపము అక్షరమునందు లేదు, భారతీయ లిపుల సంయుక్తాక్షరములను సరిగా గ్రహింపని ఆ సంస్థ ప్రోగ్రాములో నున్నది. కొన్ని దినములలో వారే దిద్దుకొనిరి. మన 'జ్ఞానము'లోని మొదటి యక్షరమే ఆయుధముగా ప్రచారమగుట చూచినపుడు, లోపమును చూపినదానిని నేరముగా భావించు అలవాటు ఎంత దూరము పోగలదో తెలియును. లోపమును కనుగొనినవాడు వేరు, దానితో దోచినవాడు వేరు. రెంటికి ఒకే మాట వాడు భాష ఆ భేదమును ఆలోచింపజాలదు.

కావున తెలుగు వ్యాఖ్యానములు, అనువాదములు సిద్ధపరచువారికి ఒక సూచన. కొత్త సంస్కృత సమాసములు కల్పింప పనిలేదు. పరుల కంప్యూటరులో చొరబడి దోచువానికి మనకు 'కన్నగాడు' అను చక్కని మాట కలదు; గోడ మారినదేగాని పని మారలేదు. ఫోనులో నమ్మించి దోచువాడు 'మోసగాడు'. వానికి మేధావిత్వము నంటగట్టక ఆ పేరుతోనే పిలువవలెను. పందెములు నడుపువాడు పందెములు నడుపువాడే. ఇక 'హ్యాకరు' అను మాటను 'చేయి తిరిగిన పనివాడు' అను మన నానుడి ప్రక్కన నిలుపవచ్చును. నేరమును చెప్పవలసినచోట నేరము పేరు చెప్పుట, నేర్పును చెప్పవలసినచోట నేర్పు పేరు చెప్పుట: ఇంతకు మించి కోరునది లేదు.

ఇది నిఘంటుకారుల ముచ్చట యని తోచవచ్చును. కాని 2016లో స్థాపితమైన భిలాయి ఐ.ఐ.టి.లో నేడు ఉక్కు కార్మికుల మనుమలవంటి పిల్లలు కంప్యూటరు శాస్త్రము చదువుచున్నారు. తమ విద్యకు పూర్వులెవరని వారు టెలివిజను నడిగినచో అది ముసుగుచొక్కాను చూపుచున్నది. సెక్టారులోని క్వార్టరులో వారి తాతవంటివాడు ఫోను నెత్తుచున్నాడు. ఎవరిని అనుమానింపవలెనని అతడడిగినను అది ముసుగుచొక్కానే చూపుచున్నది. ఇద్దరికిని తప్పుడు సమాధానమే చేరుచున్నది. మాటలను సరిచేయుట భాషాశాఖల పని. ఆ పనిని విజ్ఞులు ఆలస్యము చేయక తలపెట్టుదురు గాక.